పెట్టె మీద 7,000, బూట్‌లో ఒక్క సెకను: ఎస్‌ఎస్‌డీ వేగం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

పొద్దున తొమ్మిదింటికి మా బావ జిరాక్స్ సెంటర్ షట్టర్ ఎత్తేసరికే గుమ్మం ముందు నలుగురైదుగురు కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఒకరికి ఆన్‌లైన్ దరఖాస్తు, ఒకరికి హాల్ టికెట్ ప్రింటు, ఒకరికి కరెంటు బిల్లు. నిన్నమొన్నటి దాకా అక్కడి సిస్టమ్ ఆన్ చేస్తే స్క్రీన్ మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. రెండు నిమిషాలు దాటాక డెస్క్‌టాప్ వచ్చేది. వచ్చిందని బ్రౌజర్ మీద క్లిక్ చేస్తే మళ్లీ మొదటికే. సీపీయూ పెట్టెకి చెవి ఆనిస్తే లోపల నుంచి కిర్ కిర్ మంటూ, మధ్యమధ్యలో టిక్ టిక్ మంటూ శబ్దం ఆగకుండా వినిపించేది.

ఫైళ్లన్నీ దాచే పాత హార్డ్ డిస్క్ తీసి, దాని చోట చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ వేశాం. సాటా అనే పాత రకం కనెక్షన్‌కే తగిలే రకం అది. రెండు నిమిషాల బూట్, అంటే ఆన్ అయ్యే సమయం, అర నిమిషానికి వచ్చింది. ఆ సంతోషంలో బావ ఒక ప్రశ్న అడిగారు: "దీని పెట్టె మీద సెకనుకి 550 ఎంబీ అని రాశాడు. షాపులో 7,000 ఎంబీది కూడా ఉందిరా. అది వేసుంటే రెండు మూడు సెకన్లలోనే ఆన్ అయ్యేదా?"

లెక్క ప్రకారం ఆ ఆశ సబబే. పన్నెండు రెట్లు వేగమైన డ్రైవ్ వేస్తే అర నిమిషం రెండున్నర సెకన్లు కావాలి. కానీ కాదు. ఎందుకు కాదో అర్థమైతే, పాత కంప్యూటర్ల గురించి ఇప్పుడు చాలామంది పడుతున్న అయోమయం సగం తీరుతుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటినుంచి "కొత్తది కొనాలా, ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే సరిపోతుందా" అన్న మాట ప్రతి రిపేరు షాపులోనూ వినిపిస్తోంది.

పవర్ బటన్ నొక్కాక జరిగేవన్నీ ఒకే పని కాదు

బూట్ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో వరసగా నాలుగు దశలు ఉంటాయి.

మొదట మదర్‌బోర్డ్ మీది చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్ మేలుకుంటుంది. పాత వాటిలో దీన్ని బయోస్ అంటారు, కొత్త వాటిలో యూఈఎఫ్‌ఐ. పని జరిగేటప్పుడు డేటా తాత్కాలికంగా ఉండే ర్యామ్ ఉందా, కీబోర్డ్ ఉందా, ఏ డ్రైవ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది అని ఇది చూసుకుంటుంది. కంపెనీ లోగో కనిపించే సమయం చాలావరకు ఇదే. రెండోది, బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని, అంటే కెర్నల్‌ని, ర్యామ్‌లోకి తెస్తుంది. మూడోది, కెర్నల్ ఒక్కొక్క పరికరాన్నీ నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌ని లేపి, వెనక నడిచే సర్వీసులని మొదలుపెడుతుంది. నాలుగోది మనం పాస్‌వర్డ్ కొట్టాక మొదలవుతుంది: డెస్క్‌టాప్, యాంటీవైరస్, ప్రింటర్ సాఫ్ట్‌వేర్, మనం ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి మరిచిపోయిన అప్‌డేటర్లు.

స్టోరేజ్ డ్రైవ్‌తో గట్టి సంబంధం ఉన్నవి రెండు, మూడు, నాలుగు దశలు. మొదటి దశకి డ్రైవ్ వేగంతో దాదాపు పని లేదు. ఈ విషయం దగ్గరికి మళ్లీ వద్దాం.

హార్డ్ డిస్క్ కాలమంతా వెతకడానికే పోతుంది

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్లేలు తిరుగుతుంటాయి. వాటి మీద ఒక సన్నటి చెయ్యి అటూ ఇటూ కదులుతూ, చివరన ఉన్న హెడ్‌తో డేటా చదువుతుంది. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అంత పెద్దదీ దాచింది 50 లక్షల అక్షరాలు. తర్వాత పరిమాణం అరచేతిలోకి వచ్చింది, సామర్థ్యం లక్షల రెట్లు పెరిగింది. పళ్లెం తిరగాలి, చెయ్యి కదలాలి అన్నది మాత్రం మారలేదు.

డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అంటే 4.2 మిల్లీసెకన్లు. దానికి ముందు చెయ్యి సరైన చోటికి జరగడానికి ఇంకో 9 మిల్లీసెకన్లు. మొత్తం 13. ల్యాప్‌టాప్‌లలో వేసే 5,400 చుట్ల డిస్కులలో ఇది 17, 18 దాకా వెళుతుంది.

13 మిల్లీసెకన్లంటే కనురెప్ప వేసే లోపే అయిపోతుంది. కానీ అలా వెతికిన ప్రతిసారీ 13. సెకనులో అలాంటి వెతుకులాటలు 77 మాత్రమే పడతాయి. ఒక్కోసారి 4 కేబీ ముక్క చదివితే సెకనుకి చేతికొచ్చేది దాదాపు 300 కేబీ. అదే డిస్క్ ఒక పెద్ద సినిమా ఫైల్‌ని వరసగా చదివితే సెకనుకి 150 ఎంబీ ఇవ్వగలదు. ఒకే యంత్రం, ఒకే రోజు, రెండు పనుల మధ్య 500 రెట్ల తేడా.

బూట్ ఏ రకం పని అంటే, ముక్కల పని. ఉదాహరణకి బూట్ కోసం 16 కేబీ ముక్కలు 10,000 చదవాలనుకుందాం. మొత్తం 160 ఎంబీ. వరసగా ఉంటే హార్డ్ డిస్క్‌కి ఒక సెకను చిల్లర చాలు. చెల్లాచెదురుగా ఉంటే 10,000 సార్లు 13 మిల్లీసెకన్లు, అంటే 130 సెకన్లు. మా బావ సిస్టమ్‌లో వినిపించిన టిక్ టిక్ ఆ చెయ్యి పడిన పాటే.

నిజానికి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఊరికే కూర్చోలేదు. బూట్ సమయంలో ఏయే ఫైళ్లు అవసరమవుతున్నాయో గుర్తుపెట్టుకుని, తర్వాతిసారి వాటిని వీలైనంత వరస క్రమంలో ముందే తెచ్చిపెట్టుకునే ఏర్పాటు విండోస్ ఎక్స్‌పీ కాలంలోనే, 2001లో, వచ్చింది. కాబట్టి అసలు సమయం ఈ లెక్క కన్నా తగ్గుతుంది. రోజులు గడిచేకొద్దీ సాఫ్ట్‌వేర్లు పెరిగి, ఫైళ్లు చెదిరి, మళ్లీ పెరుగుతుంది.

కిరాణా కొట్టులో చీటీ

డ్రైవ్ పెట్టె మీద పెద్దగా అచ్చువేసే అంకె ఒక రకం, బూట్‌కి కావలసిన అంకె ఇంకో రకం. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా సులువు.

కిరాణా కొట్టులో కుర్రాడికి 25 కిలోల బియ్యం బస్తా తెమ్మని చెప్పామనుకోండి. ఒక్కసారి గోడౌన్‌కి వెళ్లి భుజాన వేసుకొస్తాడు. అదే చీటీలో ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఇంగువ, పసుపు అని పాతిక రకాలు తలా వంద గ్రాములు రాసి, అవన్నీ గోడౌన్‌లో తలోమూల ఉంటే? బరువు రెండున్నర కిలోలే. తిరుగుడు పాతిక సార్లు. కుర్రాడు ఎంత బరువు మోయగలడన్నది పెట్టె మీది ఎంబీ అంకె. ఒకసారి వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందన్నది ఆలస్యం, ఆంగ్లంలో లేటెన్సీ అంటారు. బూట్ చీటీ నిండా ఆవాలూ జీలకర్రే.

ఎస్‌ఎస్‌డీ తీసేసింది ఆ తిరుగుడునే

ఎస్‌ఎస్‌డీలో కదిలేది ఏదీ లేదు. నాండ్ ఫ్లాష్ అనే చిప్‌లలో విద్యుదావేశం రూపంలో డేటా ఉంటుంది. జపాన్‌లో తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువొకా బృందం 1987లో ఈ నాండ్ ఫ్లాష్‌ని లోకానికి చూపించింది. ఏ మూల ముక్క కావాలన్నా చిరునామా ఇస్తే చాలు, సుమారు 0.1 మిల్లీసెకనులో వస్తుంది. 13 ఎక్కడ, 0.1 ఎక్కడ! మన 10,000 ముక్కల చీటీ 130 సెకన్ల నుంచి ఒక్క సెకనుకి దిగుతుంది.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. 2010 ప్రాంతపు పాత కంప్యూటర్లలో సాటా రెండో తరం పోర్ట్ ఉంటుంది, దాని హద్దు సెకనుకి 300 ఎంబీ. "నీ పాత బోర్డుకి ఎస్‌ఎస్‌డీ వేసినా సగం వేగం వృథా" అని షాపుల్లో చెప్తుంటారు. పెద్ద ఫైల్ కాపీ చేసేటప్పుడు అది నిజం. బూట్‌కి మాత్రం దాదాపు పూర్తి లాభం దక్కుతుంది. పోర్ట్ నెమ్మదిదైనా పళ్లెం తిరిగే వరకు ఆగే బాధ లేదు కదా. పాత మెషిన్ ఉన్నవాళ్లు ఈ ఒక్క మాట విని నిరుత్సాహపడి వెనక్కి వెళ్లిపోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

మరి 7,000 ఎంబీ ఎన్‌వీఎంఈ ఎందుకు అంతగా తేడా చూపదు

సాటా అన్నది హార్డ్ డిస్కుల కోసం పుట్టిన దారి. మూడో తరంలో సెకనుకి 6 గిగాబిట్లు. లెక్కలన్నీ పోగా 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. ఫ్లాష్ చిప్‌లు అంతకన్నా ఎక్కువ ఇవ్వగలవు కాబట్టి, గ్రాఫిక్స్ కార్డులు వాడే పీసీఐఈ దారిలో డ్రైవ్‌తో నేరుగా మాట్లాడే పద్ధతి తయారుచేశారు. అదే ఎన్‌వీఎంఈ, మొదటి నిర్దేశం 2011లో వచ్చింది. పీసీఐఈ మూడో తరంలో 3,500 ఎంబీ, నాలుగో తరంలో 7,000 దాకా వెళుతుంది. పాత సాటా పద్ధతిలో 32 పనులున్న ఒకే క్యూ. ఎన్‌వీఎంఈలో దాదాపు 64 వేల క్యూలు, ఒక్కో దానిలో 64 వేల పనులు పెట్టుకునే వీలుంది.

ఇంత చోటు ఉన్నా బూట్ దాన్ని నింపలేదు. చాలా పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. ఈ ఫైల్ చదివితేనే తర్వాత ఏ డ్రైవర్ కావాలో తెలుస్తుంది. ఆ డ్రైవర్ లేస్తేనే దాని మీద నడిచే సర్వీస్ లేస్తుంది. కుర్రాడికి ట్రాలీ ఇచ్చాం సరే, చీటీ మాత్రం ఒక్కో సరుకు తెచ్చాకే తర్వాతిది చెప్తోంది.

4 కేబీ ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి చదివిస్తే సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకి 35 ఎంబీ దరిదాపుల్లో ఇస్తుంది. 7,000 అని రాసిన ఎన్‌వీఎంఈ అదే పనిలో ఇచ్చేది 60 నుంచి 90 ఎంబీ. ఇప్పుడు పెట్టె మీది అంకెలని వీటి పక్కన పెట్టి చూడండి. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి పెట్టె మీద తేడా నాలుగు రెట్ల లోపే (150 నుంచి 550), ముక్కల పనిలో నూరు రెట్ల పైన. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి పెట్టె మీద పన్నెండు రెట్లు, ముక్కల పనిలో రెండు రెట్లు, లేదంటే రెండున్నర. కొనేవాడికి కనిపించే అంకె పెద్ద గెంతుని చిన్నగా, చిన్న అడుగుని పెద్దగా చూపిస్తోంది.

బావ సిస్టమ్ లాంటి దానికి గుండ్రటి అంకెలతో ఒక లెక్క వేద్దాం. ఫర్మ్‌వేర్‌కి 12 సెకన్లు, డ్రైవ్ కోసం ఎదురుచూపు 90, ప్రాసెసర్ పని, పరికరాలు స్పందించడం వంటి మిగతావన్నీ 16. మొత్తం 118. సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే ఆ 90 రెండుకి దిగిందనుకుందాం: 12, 2, 16, మొత్తం 30. ఎన్‌వీఎంఈ వేస్తే రెండు కాస్తా ఒకటి: 29. అసలు కాలమే పట్టని మాయా డ్రైవ్ దొరికినా 28 కన్నా కిందికి దిగదు. డ్రైవ్, ప్రాసెసర్ కొంతవరకు ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి అసలు బూట్ ఇంత శుభ్రంగా విడిపోదు, కానీ దిశ ఇదే. మొత్తం పనిలో ఒక భాగాన్ని ఎంత వేగం చేసినా మిగతా భాగమే హద్దు అవుతుందని 1967లో కంప్యూటర్ ఇంజనీర్ జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రం కంప్యూటర్ సైన్స్ విద్యార్థులందరికీ తెలిసిందే.

ఇక్కడే ఎం.2 గందరగోళం కూడా తీర్చేద్దాం. ఎం.2 అన్నది ఆకారం పేరు, వేగం పేరు కాదు. ఎక్కువగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుండే ఆ సన్నటి బద్దీ లోపల సాటా ఉండొచ్చు, ఎన్‌వీఎంఈ ఉండొచ్చు. సాటా మాత్రమే తెలిసిన ఎం.2 స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పనిచేయదు. కొన్ని పాత బోర్డులు ఎన్‌వీఎంఈని డేటా కోసం గుర్తించినా దాని నుంచి బూట్ కాలేవు.

లోగో దగ్గర పోయే సెకన్లు

ఎస్‌ఎస్‌డీ వేశాక బావ సిస్టమ్‌లో చుక్కలు తిరిగే సమయం దాదాపు మాయమైంది. కానీ లోగో మాత్రం అలాగే నిలబడేది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిస్తే పైన మూలన "లాస్ట్ బయోస్ టైమ్" అని ఒక అంకె ఉంటుంది. చూస్తే పది సెకన్ల పైనే ఉంది. వెనక్కి తిరిగి కేబుళ్లు ఒక్కొక్కటే చూశాం: ప్రింటర్, స్కానర్, వేలిముద్ర పరికరం, వీటి వెనక దుమ్ములో ఎప్పుడూ తగిలించే ఉంచిన ఒక బయటి హార్డ్ డిస్క్. దాన్ని తీసి ఆన్ చేస్తే లోగో వచ్చినట్టే వచ్చి పోయింది. ఆ డిస్క్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉందేమో చూద్దామని ఫర్మ్‌వేర్ రోజూ అది తిరగడం మొదలుపెట్టే దాకా ఆగుతోంది. ఎన్‌వీఎంఈ తగ్గించగలిగే ఆ ఒక్క సెకను కన్నా ఒక కేబుల్ ఎక్కువ తగ్గించింది.

కొత్త కంప్యూటర్లలో ఈ దశ ఇంకో రూపంలో కనిపిస్తుంది. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొన్ని బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌తో తమ సంకేతాలని సరిచూసుకోవడానికి నిమిషాలు కూడా తీసుకుంటాయి. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ఖరీదైన డ్రైవ్ పాడైపోయిందని కంగారుపడేవాళ్లు అందుకే ఉన్నారు. విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకి ఈ దశల విడి లెక్క ఒక్క కమాండ్‌తో దొరుకుతుంది: "సిస్టమ్‌డీ-అనలైజ్" (systemd-analyze) అని కొడితే ఫర్మ్‌వేర్‌కి ఎంత, లోడర్‌కి ఎంత, కెర్నల్‌కి ఎంత, మిగతాదానికి ఎంత అన్నది వరసగా చూపిస్తుంది.

షట్ డౌన్ చేస్తే నిజంగా షట్ డౌన్ కాదు

2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, షట్ డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములు మూసుకుపోతాయి గానీ కెర్నల్, డ్రైవర్లు ర్యామ్‌లో ఏ స్థితిలో ఉన్నాయో అది యథాతథంగా డ్రైవ్ మీద ఒక ఫైల్‌లోకి వెళుతుంది. మర్నాడు ఆన్ చేస్తే ఆ ఫైల్‌ని తిరిగి ర్యామ్‌లో పోస్తారు. వేల ముక్కల వెతుకులాట స్థానంలో ఒకే పెద్ద వరస చదువు. బియ్యం బస్తా అన్నమాట. అందుకే హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లకి ఇది పెద్ద ఊరట. ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకి మిగిల్చేది కొద్ది సెకన్లే.

రీస్టార్ట్ నొక్కితే ఈ దారి ఉండదు, మొత్తం మొదటి నుంచి మొదలవుతుంది. రీస్టార్ట్ కన్నా షట్ డౌన్ చేసి ఆన్ చేస్తేనే త్వరగా వస్తోందేమిటని ఆశ్చర్యపోయేవాళ్లకి కారణం ఇదే. రోజూ రాత్రి ఆపేసే కంప్యూటర్‌లోనూ టాస్క్ మేనేజర్ "అప్‌టైమ్" పన్నెండు రోజులని చూపించడానికీ ఇదే కారణం. దీన్ని ఆపేయాలనేవాళ్ల వాదనలోనూ బలం ఉంది: డ్రైవర్‌లో చిన్న తేడా వస్తే అది రాత్రి ఆపినా పోకుండా మర్నాటికి వస్తుంది. లినక్స్ కూడా పెట్టుకున్నవాళ్లకి విండోస్ డ్రైవ్ సగం మూసిన స్థితిలో దొరుకుతుంది, అందులో రాయడం ప్రమాదం.

వాదనలు రెండు వైపులా

బూట్ కోసమే అయితే సాటా చాలు అన్నది లెక్కలు చెప్పే మాట. అయినా ఎన్‌వీఎంఈ వైపు వాదించేవాళ్లు తప్పు చెప్పడం లేదు. స్లాట్ ఉండి, ధరలో పెద్ద తేడా లేకపోతే కేబుల్ లేని ఆ బద్దీనే వేసుకోవడం సహజం. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి, వందల జీబీల ఫైళ్లు అటూ ఇటూ జరిపేవాళ్లకి ఆ 7,000 నిజంగానే కనిపిస్తుంది.

ర్యామ్ ముందా, ఎస్‌ఎస్‌డీ ముందా అన్నది ఇంకా చిక్కు ప్రశ్న. హార్డ్ డిస్క్ మీద నడుస్తున్న మెషిన్‌కి ర్యామ్ పెంచితే బూట్ పెద్దగా మారదు, ఎందుకంటే ఆన్ చేసేసరికి ర్యామ్ ఖాళీ, అంతా డ్రైవ్ నుంచే రావాలి. కానీ 4 జీబీ ర్యామ్‌తో పది ట్యాబులు తెరిచేవాళ్లకి ఎస్‌ఎస్‌డీ వేశాక కూడా మధ్యాహ్నానికి నెమ్మదిస్తుంది. ర్యామ్ చాలక సిస్టమ్ పదేపదే డ్రైవ్ మీదికి సరుకు దింపి ఎత్తుకుంటుంది. ఆన్ అవడంలో బాధ ఉంటే డ్రైవ్, ఆన్ అయ్యాక పనిలో బాధ ఉంటే ర్యామ్ అన్నది నా అనుభవంలో ఎక్కువసార్లు నిలబడిన తీర్పు.

అసలు బూట్ గురించి ఇంత ఆరాటం ఎందుకు, మూత వేసి స్లీప్‌లో పెట్టుకుంటే సరిపోదా అనేవాళ్లూ ఉన్నారు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఆ మాట సరైనదే. కరెంటు వచ్చిపోయే ఊళ్లో యూపీఎస్ బ్యాటరీ నీరసించిన డెస్క్‌టాప్ ముందు కూర్చునేవాళ్లకి రోజులో మూడు నాలుగు బూట్‌లు తప్పవు.

ఒక్క విషయంలో మాత్రం రెండు వైపులా మాట లేదు. ఎస్‌ఎస్‌డీ వేసినంత మాత్రాన పాత కంప్యూటర్ విండోస్ 11కి అర్హత సంపాదించదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. ఇంటెల్ అయితే ఆ జాబితా దాదాపుగా ఎనిమిదో తరంతో మొదలవుతుంది.

అరిగిపోతుందన్న భయం

ఫ్లాష్ రాసేకొద్దీ అరుగుతుంది. చదివితే అరగదనే చెప్పుకోవచ్చు. బూట్ ముఖ్యంగా చదివే పని. 500 జీబీ డ్రైవ్‌కి కంపెనీ 300 టెరాబైట్ల రాతకి హామీ ఇస్తే, రోజుకి 20 జీబీ రాసినా 15,000 రోజులు, అంటే 41 ఏళ్లు. ఈలోపు వేరే భాగం ఏదో ముందే పోతుంది. జాగ్రత్త పడాల్సింది మరో చోట: ఎస్‌ఎస్‌డీలోని ఆవేశం కరెంటు లేకుండా ఏళ్ల తరబడి నిలుస్తుందన్న భరోసా లేదు. పూర్తిగా అరిగిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల్లో ఒక ఏడాది డేటా నిలపాలన్నది పరిశ్రమ పెట్టుకున్న కనీస ప్రమాణం. కొత్త డ్రైవ్ ఇంకా చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది, అయినా పెళ్లి ఫోటోలు దాంట్లో వేసి బీరువాలో పెట్టి మరిచిపోవడం మంచిది కాదు.

అలాగే, నిన్నటి దాకా బాగున్న హార్డ్ డిస్క్ సిస్టమ్ ఉన్నట్టుండి పది నిమిషాలు తీసుకుంటే అది వేగం సమస్య కాకపోవచ్చు. చెడిపోతున్న చోటుని డిస్క్ మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుండవచ్చు. అప్పుడు తొందర బూట్‌కి కాదు, లోపలి ఫైళ్లకి.

బావ డిస్క్‌కి ఆ జబ్బు లేదు. తీసిన ఆ 1 టీబీ హార్డ్ డిస్క్‌ని అదే పెట్టెలో రెండో డ్రైవ్‌గా తగిలించాం. బూట్ బాధ్యత ఇప్పుడు దానికి లేదు. రోజూ స్కాన్ చేసిన కాగితాలన్నీ రాత్రి షట్టర్ దించే ముందు ఒకే పెద్ద మూటగా దాంట్లోకి కాపీ అవుతాయి. వరసగా, సెకనుకి 150 ఎంబీ చొప్పున. మొన్న వెళ్లినప్పుడు ఆ కాపీ జరుగుతుంటే చెవి ఆనించి విన్నాను. టిక్ టిక్ లేదు, సన్నటి గుయ్ మనే శబ్దం మాత్రమే వచ్చింది.